గుమ్మంలోని నలుపు

ఇంక్‌జెట్ ప్రింటరు మీద ఛాయాచిత్రాలు అచ్చువేసుకునే మిత్రులకు మాట్ కాగితంతో ఒక పేచీ తప్పదు. తెరమీద కాటుకలా కనిపించిన నలుపు కాగితం మీదికి వచ్చేసరికి బూడిదగా మారుతుంది. గ్లాసీ కాగితానికి ఈ బాధ లేదు. మరి మాట్ మీదే ఎందుకంత పట్టుదల అని మీరడగవచ్చు. నాకొక కారణముంది.

మా పెద్దనాయన ఊరు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. 2013 డిసెంబరులో ఆ ప్రాజెక్టును ప్రారంభించారు. ఊరు ఖాళీ చేసేముందు తీసిన ఇంటి ఫొటో ఒక్కటే ఆయనకు మిగిలింది. సున్నం కొట్టిన గోడ, తెరిచి ఉన్న గుమ్మం, లోపల చీకటి, ఆ చీకటిలో వేలాడే ఉట్టి. హుజూర్‌నగర్‌లో ఇప్పుడున్న ఇంట్లో ఆ గ్లాసీ ఫొటోను కిటికీకి ఎదురుగా పెట్టుకున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే కిటికీ వెలుగూ, చూసేవారి ముఖమూ కనిపించేవే తప్ప గుమ్మం కనిపించేది కాదు. అందుకే మెరుపు లేని కాగితం మీద వేసిస్తానన్నాను. తొలి నమూనా చూసి ఆయన, "ఏందిరా, గుమ్మంల బూడిద పోసినట్టున్నది? నలభై ఏండ్లు పొయ్యి మండిన ఇల్లురా అది. మీ పెద్దమ్మ వంటిల్లు ఇట్లుంటదా?" అన్నారు.

ఆయన అడిగింది న్యాయమే. నలుపు గాఢతను సాంద్రత అనే లెక్కలో కొలుస్తారు. సాంద్రత 1 అయితే పడిన వెలుగులో పదోవంతు, 2 అయితే నూరోవంతు తిరిగివస్తుంది. మంచి మాట్ కాగితం మీద నలుపు సుమారు 1.6 దగ్గర ఆగిపోతుంది. అంటే నూటికి రెండున్నర పాళ్ళ వెలుగు వెనక్కి వస్తున్నదన్నమాట. గ్లాసీ మీద అది 2.2 దాటగలదు, అక్కడ తిరిగివచ్చేది నూటికి ఒక పాలైనా ఉండదు. మాట్ కాగితపు గరుకుదనం వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. ఆ చెదిరిన వెలుగే నలుపు మీద పలుచని తెరలా పరుచుకుంటుంది.

కనుక సిరా కుమ్మరించడం దీనికి మందు కాదు. పూత లేని కాగితంలో సిరా పోగులలోకి దిగబడిపోతుంది. అది పైనే నిలవాలంటే ఇంక్‌జెట్ కోసం పూత పూసిన కాగితం కావాలి, ఆ పూత ఉన్న వైపే అచ్చువేయాలి. తడివేలితో అంచును తాకితే కాస్త అంటుకున్నట్టుండేది పూత వైపు. మాట్ బ్లాక్ అనే ప్రత్యేకమైన సిరా ఉన్న యంత్రమైతే అదే వాడాలి. ప్రింటరుకు కాగితం పేరు సరిగా చెప్పడం మరీ ముఖ్యం. ఏ సిరా, ఎంత వదలాలో అది ఆ పేరును బట్టే నిర్ణయించుకుంటుంది.

నేను సిరా మోతాదును మెట్లుమెట్లుగా పెంచుతూ చిన్న నల్లని గళ్ళు వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, పగటి వెలుగులో చూశాను. ఒక మెట్టు దాటాక నలుపు పెరగలేదు. కాగితం ముడతపడింది, అంచులు అలుక్కుపోయాయి. ఆ మెట్టు దగ్గరే ఆగాను.

మిగిలిన పని కంటిది. నలుపు ఒంటరిగా ఉండదు, పక్కనున్న తెలుపును బట్టి ఉంటుంది. సున్నపు గోడను కాగితపు తెలుపుకు దగ్గరగా తెచ్చాను. ఉట్టినీ, దాని వెనుక దూలాన్నీ చీకటిలోంచి కొద్దిగా పైకి లేపి, అసలు నలుపును మూలకు మాత్రమే ఉంచాను. అంకె మారలేదు, 1.6 అలాగే ఉంది. గుమ్మం మాత్రం లోతుకు దిగింది.

మాట్ బ్లాక్ సిరాలో ఉండేది కార్బన్ బ్లాక్. మన మాటలో చెప్పాలంటే మసి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాలకు మన పూర్వులు పులిమిందీ మసే. పెద్దమ్మ వంటింటి దూలాలకు నలభై ఏళ్ళు పట్టిందీ అదే. కృష్ణ నీళ్ళ కింద ఆ దూలాలు ఏమయ్యాయో గానీ వాటి నలుపు మాత్రం ఆ పదార్థంతోనే కాగితం మీదికి వచ్చింది.

కొత్త ప్రతిని కిటికీకి ఎదురుగానే తగిలించాను. పెద్దనాయన చాలాసేపు చూసి, "ఉట్టి మీద కుండ గూడ ఉన్నదిరా" అన్నారు. ఆ కుండ అంతవరకూ నాకూ కనిపించలేదు.