గౌట్ ఉన్నవారి ప్రయాణం

గౌట్ నొప్పి చాలామందికి అర్ధరాత్రి దాటాకే మొదలవుతుంది. పడుకునేటప్పుడు బాగానే ఉన్న కాలి బొటనవేలు తెల్లవారేసరికి ఎర్రగా కందిపోయి వాస్తుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది. ఈ బాధను 1683లోనే ఇంగ్లండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ పూసగుచ్చినట్టు వర్ణించాడు. ఏళ్ల తరబడి తానే అనుభవించి రాసిన వర్ణన అది.

రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే, ఇక కరిగి ఉండలేక సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకోవచ్చు. ఒంట్లో కాస్త చల్లగా ఉండే చోట ఇది ఇంకా సులువు. బొటనవేలి మొదలు ఎక్కువగా దెబ్బతినడానికి అదొక కారణం. ఏళ్లపాటు ఏ బాధా లేకుండా పేరుకున్న ఆ స్ఫటికాల మీద ఒకరోజు ఒంటి రక్షణ కణాలు విరుచుకుపడతాయి. ఆ పోరే వాపు, మంట, సలుపు.

మన ఇళ్లలో నింద మొదట పడేది పప్పు మీద. పప్పులో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఉన్న మాట నిజమే గానీ, పప్పులూ కూరగాయలూ గౌట్ ముప్పును పెంచుతున్నట్టు పెద్ద అధ్యయనాల్లో కనబడలేదు. జాగ్రత్త పడాల్సింది లివర్, బోటి లాంటి వాటితో. కోస్తావారు ఇష్టంగా తినే నెత్తళ్లు, కవ్వళ్లతో కూడా. బీరు, తీపి కూల్‌డ్రింకులు ఇంకా చేటు. అయితే ఎంత పథ్యం చేసినా యూరిక్ యాసిడ్ తగ్గేది కొద్దిగానే. అందులో ఎక్కువ భాగం ఒంట్లోనే తయారవుతుంది, దాన్ని బయటికి పంపే పని ప్రధానంగా కిడ్నీలది. వంశపారంపర్యమూ ఉంది, బీపీకి వాడే కొన్ని నీటి మాత్రల ప్రభావమూ ఉంది. అందుకే ‘నోరు కట్టుకోలేకే తెచ్చుకున్నాడు’ అని రోగిని సాధించడం అన్యాయం.

ఇక ప్రయాణం. గౌట్‌ను రెచ్చగొట్టేవన్నీ అక్కడే ఒకచోట చేరతాయి. బస్సులో మరుగుదొడ్డి ఉండదని నీళ్లు తాగకపోవడం మనవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, అలవాటైపోయింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు కూడా విమానంలో మాటిమాటికీ లేవలేక అదే పని చేస్తారు. ఒంట్లో నీరు తగ్గితే యూరిక్ యాసిడ్ చిక్కబడుతుంది. దానికి తోడు పెళ్లి విందులు, నిద్రలేమి, తప్పిపోయిన మాత్రలు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కినా, అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసినా, వేలికి తగిలే చిన్న దెబ్బ చాలు, నొప్పి లేవడానికి.

కాబట్టి మందులు చేతిసంచిలో ఉండాలి, డాక్టర్ చీటీతో సహా. పెద్ద పెట్టెలో పెడితే అది వేరే ఊరికి పోయిన రోజున దిక్కుండదు. నొప్పి వస్తే ఏ మాత్ర, ఎంత మోతాదులో వేసుకోవాలో బయలుదేరకముందే అడిగి రాయించుకోవాలి, ఎందుకంటే మందు మొదటి రోజే పడితే బాగా పనిచేస్తుంది. గౌట్ నొప్పికి ఇచ్చే కోల్చిసిన్ మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీ జబ్బు, అల్సరు ఉన్నవారు దుకాణంలో దొరికిన నొప్పి బిళ్లలు మింగకూడదు. తైలం పెట్టి గట్టిగా మర్దనా చేయడం మనకు ఆనవాయితీ గానీ, ఈ వాపుకు గుడ్డలో చుట్టిన ఐసు, కాలికి విశ్రాంతి మేలు. జ్వరం, చలి కూడా ఉంటే అది కీలులో చీము పట్టడం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి తగ్గగానే జబ్బు పోయిందనుకోవడం దగ్గరే అసలు నష్టం జరుగుతోంది. స్ఫటికాలు కీలులో అలాగే ఉంటాయి. వాటిని కరిగించే అల్లోప్యూరినాల్ 1966 నుంచి వాడుకలో ఉంది. దాని వెనకున్న శాస్త్రవేత్తలు గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇంత పాత, ఇంత చవకైన మందు చేతిలో ఉండగా ఏటా మంచాన పడడం బాధాకరం. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, యూరిక్ యాసిడ్ 6 కంటే దిగువకు వచ్చేదాకా పెంచుతూ పోతారు. మొదటి నెలల్లో స్ఫటికాలు కదిలి నొప్పి ఒకటి రెండుసార్లు తిరగబెట్టవచ్చు. మందు పడలేదని చాలామంది ఆపేసేది సరిగ్గా అప్పుడే. ఆపకూడదు. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించాలి.

నొప్పి ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనబడవచ్చు. రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించుకోండి. దూరప్రయాణం తలపెట్టినవారు టికెట్లు చేతికొచ్చాక కాదు, కొన్ని నెలల ముందే డాక్టర్‌ను కలవండి.