నారింజ రంగు బంధం

ఐపీఎల్ ప్లేఆఫ్స్ దగ్గరపడితే ఉప్పల్ రోడ్డు పక్కన తాళ్ల మీద నారింజ రంగు జెర్సీలు వేలాడుతుంటాయి. మే ఎండలో ఆ రంగు ఇంకాస్త మండుతుంది. వాటిని చూసినప్పుడల్లా ఒకటే ఆలోచన: ఏ బంధంతో ఈ సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు మనదైంది?

కెప్టెన్ కమిన్స్‌ది ఆస్ట్రేలియా. అభిషేక్ శర్మది పంజాబ్. మన హైదరాబాదీ సిరాజ్ ఏళ్ల తరబడి బెంగళూరు తరఫున బౌలింగ్ చేశాడు. 2009లో అప్పటి మన జట్టు డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచింది జోహన్నెస్‌బర్గ్‌లో, 2016లో సన్‌రైజర్స్ గెలిచింది బెంగళూరులో. రెండు గెలుపులూ మనకు దూరంగానే జరిగాయి. సంబరం మాత్రం మన వీధుల్లోనే తెల్లవార్లూ మేలుకుంది.

2024 ఫైనల్లో, చెపాక్‌లో, మనవాళ్లు 113 పరుగులకే కుప్పకూలారు. మర్నాడు, ఎప్పుడూ తలూపి వెళ్లిపోయే పక్కింటాయన మెట్ల దగ్గర ఆగాడు. "పోనీలెండి, వచ్చే ఏడు మనదే" అన్నాడు. ఆ ఓటమి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఆటగాళ్లు వేలంలో వస్తారు, వేలంలో వెళ్తారు. మిగిలేది మనమే. ఇంత పెద్ద నగరంలో ముక్కూమొహం తెలియనివాళ్లంతా ఒకే ఆశ పెట్టుకోవడం, ఒకే బాధను పంచుకోవడం చిన్న సంగతి కాదు. ఊరివాళ్లం కావడానికి బహుశా అంతకన్నా ఏమీ అక్కర్లేదు.