మీటరు చెప్పే సాక్ష్యము

మా యింట జరిగిన ఒక చిన్న సంగతి మీతో చెప్పుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

మాది చింతలపూడి. నూజివీడు మామిడి పండే ఈ ప్రాంతములో మాకూ కొద్దిపాటి తోట ఉంది. బంగినపల్లి, చిన్నరసాలు కాస్తాయి. దేవుని కృప వలన ఒక కారు కూడా సమకూడింది. ఆదివారము ఆరాధనకు, నెలకొకసారి ముసలి తల్లిని ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి తప్ప అది పెద్దగా కదలదు.

తిరిగిన దూరమును బట్టి ఇన్సూరెన్సు కట్టే పద్ధతికి 2022 జూలైలో ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మన బండికి కలిగే నష్టము వరకే ఈ పద్ధతి. ఎదుటివారికి జరిగే నష్టమునకు చేయించే ఇన్సూరెన్సు 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము అందరికీ తప్పనిసరి. ఎంత తక్కువ తిరిగినా అది తగ్గదు. మేము సంవత్సరమునకు 5,000 కిలోమీటర్లు చాలునని వ్రాయించి, మీటరు ఫోటో పంపాము. ఆ రోజు నుండి కారులో ఒక నోటుపుస్తకము పెట్టాము. ఇంటికి రాగానే మా అమ్మాయి మీటరు చదివి తేదీతో సహా వ్రాసేది.

మామిడి కాపు వచ్చింది. కాయ వ్యానులో వెళ్లినా, బేరము కోసము మేము కారులో వెనుకనే వెళ్లవలసి వచ్చేది. మే నెల సగములోనే పుస్తకములో 4,900 దాటింది. పాలసీకి ఇంకా నాలుగు నెలలు గడువుంది. అదనపు కిలోమీటర్లకు డబ్బు కట్టాలి. ఆ యేడు ధర లేదు. పైగా కాయ కొన్న వ్యాపారి తరుగు పేరుతో తూకములో కోత పెట్టాడు. ఆ అన్యాయమును తలచుకొని రాత్రంతా బాధపడ్డాము.

మరునాడు కారు బాగుచేసే కుర్రవాడితో మాటల్లో ఈ సంగతి చెప్పాము. "దానికేముందండి, మీటరు వెనక్కి తిప్పించేద్దాం. ఎవరికి తెలుస్తుందండి?" అన్నాడు. మేము వద్దనలేదు. ఆలోచిస్తామన్నాము. ఆ మాటలోనే మా పాపము ఉంది.

ఇంటికి వచ్చి ఆ మాటే మాట్లాడుకొంటుంటే, అమ్మాయి పుస్తకము పట్టుకొని వచ్చింది. "నాన్నా, మరి నేను వ్రాసినవన్నీ కొట్టేయమంటావా?" అని అడిగింది. ఎత్తిపొడుపు లేదు, నిజముగానే అడిగింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

అననీయ సప్పీరాల సంగతి మనమందరము ఎరుగుదుము. పొలము అమ్మమని వారినెవరూ బలవంతము చేయలేదు. సొమ్ములో కొంత ఉంచుకోవడమూ తప్పు కాదు. కొంత దాచి, ఇంతేనని చెప్పడమే తప్పయింది. 5,000 అని వ్రాయించమని మమ్మును కూడా ఎవరూ బలవంతము చేయలేదు. మా కాయ తూకములో కోస్తే అన్యాయమని ఏడ్చిన మేమే కిలోమీటర్లలో కోత పెట్టబోయాము. వ్యాపారి కాటా, మా మీటరు దేవుని యెదుట ఒకటే.

ఆ వారమే అదనపు కిలోమీటర్లకు డబ్బు కట్టాము. అందుకోసము ఇంటి ఖర్చులో కొంత తగ్గించుకోవలసి వచ్చింది. ఆ తరువాత కారుకు ప్రమాదమేమీ జరగలేదు. కనుక కట్టిన డబ్బు తిరిగి వచ్చిందని చెప్పడానికి లేదు. అయినా మా అమ్మాయి పుస్తకములో ఒక్క అంకె కూడా కొట్టివేయలేదు. అది మాకు చాలును.

ఇలాటి పాలసీ తీసుకొనే సహోదరులకు ఒక మాట. కాపు రోజుల తిరుగుడు కూడా లెక్క వేసి దూరము వ్రాయించండి. మొదటి రోజు మీటరు ఫోటో దాచుకోండి. సొంత కారును అద్దెకు తిప్పినా, సరుకులు మోసినా, పందెములకు వాడినా పాలసీ వర్తించదు; ఆ షరతులు చదువుకోండి. పుస్తకము వ్రాసే పని పిల్లలకు అప్పగించండి. వారు మనకు కావలిగా ఉంటారు.

చిన్న లెక్కలలో కూడా నమ్మకముగా ఉండే కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక.