మంగు

మంగు అన్న మాట తెలుగువారికి రెండు చోట్ల ఎదురవుతుంది. జీవితంలో మొదటిసారి వచ్చే ఏలినాటి శని మంగు శని. బుగ్గలపైన, నుదుటిపైన, పై పెదవిమీద పరచుకునే గోధుమ నలుపు మచ్చలూ మంగే. మొదటిదాని సంగతి జ్యోతిష్కులకు వదిలి, రెండవదాని గురించి నాలుగు మాటలు రాస్తాను.

మా అక్కకు రెండవ కాన్పు నాటికి ఈ మచ్చలు వచ్చాయి. గర్భిణిగా ఉన్నప్పటి హార్మోన్ల మార్పులు, ఎండ, వంశలక్షణం ఇందుకు కారణాలు. నొప్పి లేదు, అంటుకునేదీ కాదు. అయినా ఏ పేరంటానికి వెళ్ళినా "ముఖమేమిటే అలా అయిపోయింది?" అన్న పరామర్శ తప్పేది కాదు. జాజికాయ పాలతో అరగదీసి రాసి చూసింది. చివరకు చీటీ లేకుండానే మందుల షాపులో ఒక ట్యూబు కొన్నది. పదిహేను రోజులలో ముఖం తేటపడింది. అందరూ మెచ్చుకున్నారు. ఇక ఆ ట్యూబును ఎలా మానుతుంది?

మానిన రెండవనాటికే మంట, సన్నని పొక్కులు. రాస్తే చల్లారేది. ఇలా రెండేళ్ళు గడిచాయి. పొయ్యి దగ్గర నిలబడినా ముఖం భగ్గుమనేది. చామనచాయలో ఎరుపు ఎరుపుగా కనిపించదు, నలుపు ముదిరినట్లుంటుంది. కనుక చూసినవారు మంగు తిరగబెట్టిందనే అన్నారు.

చర్మవైద్యురాలు ముఖం చూసి, వెంటనే ట్యూబు చూపించమన్నారు. అందులో ఉన్నది స్టెరాయిడ్. అది చర్మాన్ని పలచబరుస్తుంది, సన్నని రక్తనాళాలను పైకి తేలుస్తుంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో స్టెరాయిడ్‌ను కలిపే పద్ధతిని 1975లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్, తన సహచరునితో కలిసి ప్రకటించాడు. వైద్యుని కనుసన్నలలో కొన్ని వారాలపాటు వాడవలసిన అటువంటి మందు, మన ఇళ్ళలో స్నో, పౌడర్ల సరసన చేరింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలని నిర్దేశించింది. షాపువాడు చీటీ అడిగిన సందర్భాలు మీకెన్ని గుర్తున్నాయి?

మందు మానాక మొదటి వారాలు అక్కకు నరకమే. అద్దాలకు గుడ్డ కప్పింది. మంట పూర్తిగా తగ్గడానికి ఏడు నెలలు పట్టింది. మంగు మాత్రం కొంత పలచబడి అలాగే ఉన్నది. ఇప్పుడామె సన్‌స్క్రీన్ రాసుకుని, గొడుగు వేసుకుని వెళ్తుంది.

మీ ఇంట్లో అటువంటి ట్యూబు ఉంటే ఒకసారి తిప్పి చూడండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ వంటి పేరుంటే, దాన్ని పట్టుకుని వైద్యుని దగ్గరకు వెళ్ళండి. పేరంటంలో ఎవరి ముఖాననైనా మంగు కనిపిస్తే, పిల్లల చదువుల గురించి అడగండి.