పుష్యమి కనిపించింది!

పుష్యమి పేరు వినని తెలుగిల్లు ఉండదు. పంచాంగంలో ఉంది, జాతకాల్లో ఉంది, గుడిలో అర్చన చేయించుకునేటప్పుడు గోత్రం తర్వాత చెప్పుకునే నక్షత్రాల్లోనూ ఉంది. మరి ఆకాశంలో ఎక్కడుంది? పునర్వసు జంట చుక్కలకీ, మెరిసిపోయే మఖకీ మధ్యన. ఊరి దీపాల వెలుతురులో మామూలు కంటికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ ఏమీ లేని చోటికి బైనాక్యులర్స్ ఎత్తాను.

చుక్కలే చుక్కలు! చాటలోంచి నూకలు జారినట్టు ఒకేచోట గుప్పెడు, వాటి వెనక ఇంకా సన్నవి, ఇంకా సన్నవి. అద్దాలకేమైనా అంటుకుందా అని దించి చూసి, మళ్లీ ఎత్తాను. ఉన్నాయి! పుష్యమిగా లెక్కపెట్టే మసక చుక్కల నడుమ ఇంత పెద్ద తారాగుచ్ఛం ఉందని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదే! దాదాపు 600 కాంతి సంవత్సరాల దూరంలో, వెయ్యి దాకా నక్షత్రాలున్న గుంపు అది. గెలీలియో తన దూరదర్శినితో ఇక్కడికే చూసి, మబ్బుతునక అనుకున్నది నిజానికి నలభైకి పైగా చుక్కలని 1610లో రాశాడు. ఆయన పొందిన ఆశ్చర్యం ఇవాళ మేడమీద పడుకున్నవాళ్లకి కూడా దొరుకుతుంది!

పడుకునే చూడాలి మరి. మార్చి మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో పుష్యమి మన తెలుగు నేల మీద నడినెత్తికి వచ్చేస్తుంది. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది, చేతులు వణికి చుక్కలు గీతలైపోతాయి. నులకమంచం మీద వెల్లకిలా పడుకుని మోచేతులు ఛాతీకి ఆన్చారా, ఆకాశం కదలకుండా నిలుస్తుంది.

నా దగ్గరున్నది 10×50. పదింతలు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప వెడల్పు మహా అయితే 7 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్కన ఆ అద్దం పట్టే వెలుగు దాదాపు 50 రెట్లు! పుష్యమి గుంపు మూడు నిండు చందమామల వెడల్పున పరుచుకుని ఉంటుంది. ఎక్కువ పెద్దది చేసే టెలిస్కోపులో అది ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. బైనాక్యులర్స్‌లో మొత్తం ఒక్కసారే, అదీ రెండు కళ్లతో! మొదట కొనాల్సింది ఇదే అని ఎవరితోనైనా వాదిస్తాను. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకూడదు, చూపు పోతుంది.

అక్కణ్ణించి పంచాంగమంతా ఆకాశంలోకి ఎక్కేసింది నాకు. కృత్తికలో మామూలుగా ఆరు చుక్కలు లెక్కపెడతాం. బైనాక్యులర్స్‌లో నీలి మెరుపులతో డజన్లకొద్దీ! పెళ్లిలో కొత్త జంటకు చూపించే అరుంధతీ వశిష్ఠులైతే విడివిడిగా, స్పష్టంగా ఉన్నారు. వాళ్లిద్దరి నడుమ కాస్త పక్కగా ఇంకో సన్నటి చుక్క! అది ఈ జంటకు సంబంధం లేనిది, ఎంతో వెనక ఉన్నది. ఏ పెళ్లిమండపంలోనూ ఎవరూ చూపించని చుక్క.

కార్తీక మాసంలో మాత్రం ఉత్తరాభాద్రను వదలొద్దు. అందులోని ఉత్తరపు చుక్క నుంచి ఈశాన్యంగా వరుసన రెండో చుక్క దాకా వెళ్లి, అక్కడ వాయవ్యానికి మళ్లి మరో రెండు మసక చుక్కలు దాటితే, సాగదీసిన బూడిదరంగు మరక ఒకటి. అదే ఆండ్రోమెడా గెలాక్సీ! అక్కడి వెలుగు 25 లక్షల ఏళ్లు ప్రయాణం చేసి నా కంట్లో పడింది. మనిషన్నవాడు ఇంకా ఈ రూపానికి రాకముందు బయల్దేరిన వెలుగది! ఫొటోల్లో ఉండే రంగులూ సుడులూ లేవు. ఏం, అక్కర్లేదు! ఫొటో చూడటం వేరు, ఆ వెలుగే నేరుగా వచ్చి తగలడం వేరు.

ఇక మిగిలింది మూల నక్షత్రం, అంటే ఆకాశంలోని తేలు తోక. ఆ తోక చివరకు కాస్త ఎడంగా టాలమీ రెండో శతాబ్దంలోనే రాసిపెట్టిన గుచ్ఛం ఒకటుంది. మే నెలలో అర్ధరాత్రికి ఆగ్నేయాన బాగా పైకొస్తుంది. రుతుపవనాల మబ్బులు కమ్మేలోపే చూసెయ్యాలి. అమావాస్య ఎప్పుడో క్యాలెండర్‌లో ఇప్పటికే గుర్తు పెట్టేశాను!