కాశిలో ఋతువులు



ఋతువులారని చిన్ననాట మా తండ్రిగారి యొద్ద అమరములో చదువుకొంటిమి. గోదావరీతీరమున కాపురముండు మాకు ఎండ, వాన, కొంచెము చలి తప్ప తక్కినవి కావ్యములలోని మాటలే యనిపించెడివి. అవి నిజముగా నున్నవని మాకు కాశి తెలిపినది.

మా వారు ఉపాధ్యాయులగుటచే వేసవి సెలవులే మాకు యాత్రాకాలము. అత్తగారిని వెంటబెట్టుకొని యొక మే నెలలో బయలుదేరితిమి. ఉత్తరదేశము గదా, మనకన్న చల్లగా నుండునని తలచితిమి. కాశి కర్కాటకరేఖకు ఉత్తరమున, సుమారు 25 డిగ్రీల అక్షాంశమున నున్నది. అచట సూర్యుడు నడినెత్తికి ఎన్నడును రాడు. అయినను సముద్రము దూరమగుటచే మనకు వచ్చు సాయంకాలపు చల్లగాలి వారికి లేదు. పడమటి యెడారి దిక్కునుండి ‘లూ’ యను పొడి వడగాలి వీచును. మే నెలలో 40 డిగ్రీలు దాటుట సామాన్యము.

మూడవనాడే అత్తగారికి వడదెబ్బ తగిలినది. సత్రములో కాశీవాసము చేయుచున్న తెలుగు వృద్ధురాలొకరు పచ్చిమామిడికాయలు నిప్పులపై కాల్చి, గుజ్జు తీసి, ఉప్పు, జీలకర్రపొడి చేర్చి, చల్లనినీట కలిపి త్రాగించిరి. “అమ్మాయీ, పెద్దవారిని కార్తీకములో తేవలెను గాని, యీ యెండలో తెత్తురా?” యని మందలించిరి. తొమ్మిదినాళ్లును గంగాస్నానము చేయవలెనని మ్రొక్కుకొన్న అత్తగారికి రెండు స్నానములే దక్కినవి. తిరుగురైలులో “చలికాలమున మరల వత్తము” అని మేమనగా ఆమె “చూతము” అని యూరకుండిరి.

మరల మేము వెళ్లినది చలికాలముననే; ఆమె అస్థికలతో వెళ్లితిమి. అది పుష్యమాసము. రాత్రులు 10 డిగ్రీలకు దిగువనుండెను. ఆకాశము నిర్మలమైనపుడు నేల రాత్రివేళ వేడిమిని వేగముగా కోల్పోవును. గాలి కదలనందున తేమ నేలనంటియే మంచగును. ఎదుటి యొడ్డు కానరాలేదు. పడవవాడు తెడ్డు వేయు చప్పుడు తప్ప గంగ యున్నదని గురుతు లేదు. పట్టపగలైన గాని సూర్యదర్శనము కాలేదు. హేమంతమనగా నేమో మాకు నాడు తెలిసినది.

జూన్ మూడవ వారమున వంగసముద్రపు మేఘములు కాశికి చేరును. సాలున సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షములో చాల భాగము సెప్టెంబరు లోపలనే కురియును. 1978 సెప్టెంబరున వలె గంగ మిక్కిలి పొంగినయేడు ఘట్టముల మెట్లు మునిగి, నీరు వీధులకెక్కును. పిదప శరత్తు. కార్తీకమునుండి మార్గశీర్షము నడుమ వరకును, మరల మాఘము కడపటినుండి ఫాల్గుణము వరకును వృద్ధులకు అనుకూలమైన కాలము.

యాత్రకు తిథివారనక్షత్రములు చూచుచున్నాము; ఋతువును చూచుట లేదు. కార్తీకములో జీతనష్టముమీద పది దినములు సెలవు పెట్టవచ్చునని నాడు మాకు తోచలేదు. ఇంట పెద్దవారున్న సోదరీమణులకైన తోచుగాక!