మార్చుకోగలిగిన బ్యాటరీ

మావాడి గేమ్ కంట్రోలర్ ఈమధ్య అరగంటకే ఆరిపోతోంది. కొత్తది కొనమన్నాడు. "ఆగు నాన్నా, ముందు విప్పి చూద్దాం" అన్నాను.

వెనక నాలుగు స్క్రూలు. లోపలి పల్చటి రిబ్బన్ కేబుల్ తెగకుండా మెల్లగా తెరిచాం. 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ కాస్త ఉబ్బి ఉంది. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, నిప్పంటుకోవచ్చు. వైర్లు లాగకుండా కనెక్టర్ దగ్గర పట్టుకుని ఊడదీశాం. అదే వోల్టేజీ, అదే సైజు, అదే కనెక్టర్ ఉన్న కొత్తది పెట్టాం. బటన్ నొక్కగానే లైటు వెలిగింది. వాడి మొహం కూడా!

అప్పుడు వాడికి అంగారకుడి చుట్టూ తిరిగిన మన ఉపగ్రహం మంగళయాన్ గురించి చెప్పాను. 2013 నవంబర్ 5న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఆరు నెలల పనికని పంపితే దాదాపు ఎనిమిదేళ్లు నిలిచింది. 2022 ఏప్రిల్‌లో ఒక సుదీర్ఘ గ్రహణం తర్వాత దానితో సంబంధాలు తెగిపోయాయి. గ్రహణమప్పుడు, అంటే గ్రహం నీడలో ఉన్నంతసేపూ, ఉపగ్రహానికి బ్యాటరీయే దిక్కు. అంగారకుడి దాకా వెళ్లి మార్చేవాళ్లెవరు? మన చేతిలో ఉన్నదాన్నైనా పారేయకుండా బాగుచేసుకుందాం.

పాత బ్యాటరీ కొసలకు టేపు చుట్టి పక్కన పెట్టాం. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇస్తాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో రెండు పక్కలా పులికాట్ సరస్సు నీళ్లే కదా, ఫ్లెమింగోలు మేసే చోటు. ఆ నీళ్లలోకి మన విషం చేరకూడదు.